చెప్పులు విడిచిన ఒడ్డుకే తిరిగి రావాలని లేదు

మీ ప్రశ్న పొద్దున్నే చదివాను. తీరిగ్గా రాయాల్సిన విషయం కాబట్టి సాయంత్రం దాకా ఆగాను. చదివేవాళ్ళ కోసం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఆషాఢంలో ఒక ఆదివారం మీరు నలుగురు మిత్రులు వికారాబాద్ వైపు ఒక జలాశయంలో మూడు కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు, తీసుకుని వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు ఉన్న పెడల్ బోటు అవతలి తుమ్మచెట్ల వైపు కొట్టుకుపోవడం చూసి సాయానికి పోయారు. చున్నీతో కట్టి అరగంట లాగినా అది కదల్లేదు, పైగా మీ కయాక్ ఒకటి తిరగబడింది. చివరికి థర్మాకోల్ తెప్ప మీద చేపలు పట్టుకునే ఒకాయన వచ్చి అందరినీ అవతలి ఒడ్డుకు చేర్చాడు. "మేం చేసింది తప్పా? ఇంకోసారి ఇలా జరిగితే ఏం చేయాలి?" అని మీరు అడిగారు.

వెళ్ళడం తప్పు కాదు, లాగడం కూడా తప్పు కాదు. తప్పల్లా ఎటు లాగారన్న దాంట్లోనే ఉంది.

మీ కారు ఇవతలి ఒడ్డున ఉంది. చెప్పులు, బ్యాగులు, టిఫిన్ డబ్బాలు అన్నీ ఇక్కడే ఉన్నాయి. పెడల్ బోటు తండ్రి మనసులోనూ టికెట్ కొన్న ఈ ఒడ్డే ఉంది. అందుకని అందరూ కలిసి గాలికి ఎదురు తిరిగారు. గాలి వేగం రెట్టింపైతే అది పడవను తోసే బలం నాలుగింతలు అవుతుంది. గంటకు 10 కిలోమీటర్ల గాలిలో ఆడుతూ పాడుతూ వెళ్ళినవాళ్ళు 20 కిలోమీటర్ల గాలిలో ఉన్నచోటే తెడ్డు వేస్తూ ఉండిపోతారు. పెడల్ బోటు సంగతి ఇంకా కష్టం. అంచులు ఎత్తు, పైన ఎండకు కప్పు. ఆ కప్పే తెరచాపలా పనిచేస్తుంది. దాన్ని ఎదురుగాలికి రెండు కయాక్‌లు లాగడమంటే ఎడ్లబండిని సైకిల్‌కి కట్టి గుట్ట ఎక్కించడమే. ఆ తెప్ప ఆయన చేసింది గుర్తు చేసుకోండి. మిమ్మల్ని వెనక్కి తేలేదు, గాలి ఎటు పోతుందో అటే, చెట్లు లేని జాగా చూసి గట్టెక్కించాడు. అక్కణ్నుంచి మీరు రోడ్డు మీద ఆటోలో చుట్టు తిరిగి వచ్చారు. మీ ప్రశ్నలో దాన్ని కాస్త నామోషీగా రాశారు గానీ ఆ రోజు జరిగిన అసలు పని అదే.

నేను హుస్సేన్ సాగర్‌లో పద్దెనిమిదేళ్ళు తెరచాప పడవలు నడిపాను. అందులో సగం కాలం రెస్క్యూ బోటు మీదే గడిచింది. ఈ పాఠం నాకూ తేలిగ్గా రాలేదు. ఒక జూలై మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళ పడవ బోల్తా కొట్టింది. అక్కడ లోతు తక్కువ కాబట్టి తెరచాప స్తంభం పోయి బురదలో దిగబడింది. నేను హడావిడిగా గాలి వచ్చే వైపు నుంచి మోటారు బోటును వాళ్ళ మీదికి పోనిచ్చాను. ఇంజన్ తగ్గించగానే గాలి నా బోటును తీసుకెళ్ళి వాళ్ళకేసి కొట్టింది. ఒకడి భుజానికి దెబ్బ తగిలింది. అంతలో వాళ్ళ తెరచాప తాడు నా ప్రొపెల్లర్‌కి చుట్టుకుని ఇంజన్ ఆగిపోయింది. సాయానికి వెళ్ళినవాణ్ని నేనే సాయం కావాల్సినవాణ్ని అయ్యాను. అందరం కలిసి ట్యాంక్‌బండ్ రాతికట్ట మీదికి కొట్టుకుపోతున్నాం. ముందు భాగం నుంచి లంగరు వేస్తే దేవుడి దయవల్ల కట్ట దగ్గర్లో పట్టింది. రెండో బోటు నడిపిన పెద్దాయన వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంటూ ఒకటే మాటన్నాడు: "గాలి మీదికెల్లి పోతే బోటు పిల్లగాళ్ళ మీదికే వస్తది గద సార్. కిందికెల్లి రావాలె." పడవను ఏం చేద్దామంటే దానికేసి చూడను కూడా లేదు. అది మర్నాడు పొద్దున కట్ట పక్కన దొరికింది.

కాబట్టి మోటారు బోటుతో వెళ్ళేవాళ్ళు గాలి పోయే వైపుకు చుట్టు తిరిగి వచ్చి, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, మెల్లగా దగ్గరికి రావాలి. అప్పుడు వేగం తగ్గించగానే బోటు వెనక్కి జరుగుతుందే తప్ప నీళ్ళలో ఉన్నవాళ్ళ మీదికి ఎక్కదు. చేయి అందే దూరానికి రాగానే ఇంజన్ పూర్తిగా ఆపేయాలి. న్యూట్రల్‌లో పెట్టడం చాలదు, కంగారులో ఎవరి మోకాలైనా గేరు కడ్డీకి తగలొచ్చు. చిన్న బోటైతే మనిషిని పక్క నుంచి గుంజకుండా వెనక నుంచి ఎక్కించుకోవాలి. పక్క నుంచి గుంజితే మీ బోటే ఒరుగుతుంది. పైకి రాలేకపోతున్నారా, తాడును ఉచ్చులా వేసి నీళ్ళలోకి వదలండి. అందులో కాలు పెట్టి మెట్టులా ఎక్కుతారు.

మీలా కయాక్‌లో ఉన్నవాళ్ళు ఆపదలో ఉన్న మనిషి దగ్గరికి సరాసరి పోకూడదు. రెండు కయాక్‌ల పొడవు దూరంలో ఆగి ముందు మాట్లాడండి. "అన్నా, ఇటు చూడు, పేరేంటి? ఎంతమంది ఉన్నారు? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" జవాబు చెబుతున్నారంటే శ్వాస ఆడుతోంది, మనసు మనసులో ఉంది. మునిగిపోతున్న మనిషి మిమ్మల్ని మనిషిగా చూడడు, ఎక్కడానికి ఒక మెట్టులా చూస్తాడు. అది అతని తప్పు కాదు. అందుకే మీ చేయి ఇవ్వకండి, ఏదైనా వస్తువు ఇవ్వండి. మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల నూనె క్యాన్, తెడ్డు కొస, చీర, పంచె ఏదైనా పనికొస్తుంది. ఒడ్డు నుంచి అందించగలిగితే అందించండి, లేదంటే విసరండి, అదీ కాకపోతే పడవలో వెళ్ళండి. ఈత కొడుతూ వెళ్ళడం ఆఖరి మాట, అదీ నేర్చుకున్నవాళ్ళకే. మన దగ్గర ఒకరి కోసం దూకి ముగ్గురు పోయిన వార్త ప్రతి ఎండాకాలం వస్తుంది.

మీ మిత్రుడి కయాక్ తిరగబడినప్పుడు అతను ఎక్కలేకపోయాడని రాశారు. అద్దెకిచ్చేవి చాలావరకు పైన కూర్చునే రకం, వాటిలో నీళ్ళు నిండవు. ముందు దాన్ని బోర్లా ఉన్నది వెల్లకిలా తిప్పండి. మీ కయాక్‌ను దాని పక్కన ఆనించి, రెండు చేతులతో దాని అంచును గట్టిగా అదిమి పట్టుకోండి. నీళ్ళలో ఉన్న మనిషి అవతలి పక్క నుంచి రావాలి. నిటారుగా వేలాడి పైకి లాక్కోవాలంటే ఎవరి వల్లా కాదు. కాళ్ళు వెనక్కి చాచి, ఈత కొడుతున్నట్టు తన్నుతూ, పొట్ట మీద జారుతూ పడవ మీద అడ్డంగా పడాలి. బోర్లా పడ్డాక నెమ్మదిగా తిరిగి కూర్చోవచ్చు. దీన్ని ఒకసారి మోకాలి లోతు నీళ్ళలో సాధన చేసి చూడండి. పది నిమిషాల పని, నవ్వుకుంటూ అయిపోతుంది.

ఇక పెడల్ బోటు. మొదట గాలి దాన్ని ఎటు తీసుకెళ్తోందో చూడాల్సింది. ఎదుట మెత్తటి మట్టి ఒడ్డు ఉంటే లాగడం అక్కర్లేదు. పక్కనే వెళ్తూ, పిల్లలతో మాట్లాడుతూ, ఆ తండ్రిని పెడల్ ఆపకుండా చుక్కాని తిప్పుకోమంటే చాలు. ఎదుట తుమ్మచెట్లే ఉంటే గాలికి ఎదురుగా కాకుండా ఏటవాలుగా, పక్కనున్న ఖాళీ ఒడ్డు వైపు జరపాలి. ఎదురు లాగితే అరగంటకు రాని దూరం అడ్డంగా లాగితే పది నిమిషాల్లో వస్తుంది, ఎందుకంటే అప్పుడు సగం పని గాలే చేస్తుంది. ఎప్పుడూ ఆ పడవకూ చెట్లకూ మధ్య మీరు ఉండకండి. చున్నీ పొట్టిది, అలకి కుదుపు పడగానే రెండు పడవలూ గుద్దుకుంటాయి. ఒక పదీ పన్నెండు మీటర్ల నైలాన్ తాడు ప్రతి కయాక్‌లో ఉండాలి. దాన్ని నడుముకు మాత్రం కట్టుకోవద్దు. ఒక్క లాగుకు ఊడిపోయే ముడి వేయడం రానివాళ్ళు తాడు కట్టడమే మానేయాలి. లాగించుకునే పడవలో బరువు కొంచెం వెనక్కి ఉండాలి, లేకపోతే ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది.

సాయం కనబడగానే అందరూ లేచి ఒక పక్కకు వస్తారు చూడండి, అదీ అసలు గండం. 2009 సెప్టెంబర్ 30న కేరళ తేక్కడిలో డబుల్ డెక్కర్ బోటు ఒరిగి 45 మంది చనిపోయారు. అడవి జంతువులు కనబడ్డాయని జనం ఒక పక్కకు చేరడం అందుకు ఒక కారణంగా చెప్పారు. కాబట్టి దగ్గరికి పోకముందే అరిచి చెప్పండి: "ఎవరూ లేవకండి, మేం వచ్చాక ఒక్కొక్కరే." పిల్లల్ని నడుమన కింద కూర్చోబెట్టమనండి.

తుమ్మచెట్ల గురించి ఇంకో మాట. మన జలాశయాల్లో నీటి మట్టం ఎక్కీ దిగీ ఒడ్డు వెంట సర్కారు తుమ్మలు పెరుగుతాయి. నీళ్ళు నిండాక కొమ్మలు మునిగి కనబడవు. గాలి తెచ్చి పడవను వాటిలో ఇరికిస్తే ముళ్ళ నుంచి బయటపడటం ఒక పెద్ద తతంగం. చేపల వలలూ అంతే. నీటిపైన వరసగా తేలే ప్లాస్టిక్ సీసాలు కనబడితే వాటి కింద వల ఉన్నట్టు, కాలు చిక్కితే ఎంత ఈతగాడైనా తన్నుకోవద్దు. కదలకుండా తేలుతూ చేత్తో నెమ్మదిగా విప్పుకోవాలి. వీటన్నిటికంటే భయపడాల్సింది మత్తడి (చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటు), తూము. గాలి అటే తోస్తోందంటే ఈ సమాధానంలో ఇప్పటిదాకా చెప్పినదంతా పక్కన పెట్టి లంగరు వేయాలి, చెట్టు కొమ్మ పట్టుకోవాలి, అవసరమైతే పడవ వదిలి పక్కకు ఈదాలి. మత్తడి దుంకుతున్న చెరువులో వినోదం కోసం పడవ ఎక్కకండి, అంతే.

"ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళు నున్నగా ఉన్నాయి, అందుకే దిగాం" అని రాశారు. ఇది చాలామందిని ముంచిన నునుపు. అల పుట్టాలంటే గాలికి నీటి మీద పరుగెత్తే దూరం కావాలి. గాలి మీ వీపు వైపు నుంచి నీళ్ళలోకి వీస్తుంటే మీ కాళ్ళ దగ్గర నీరు అద్దంలా ఉంటుంది, పైగా మీకు కనబడేది అలల వెనక భాగమే. అర కిలోమీటరు పోయాక గానీ అసలు రంగు తెలియదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఏ జూలై సాయంత్రమైనా పరీక్షించుకోవచ్చు. పడమటి గాలి వీచేటప్పుడు నెక్లెస్ రోడ్డు ఒడ్డున నీళ్ళు బుద్ధిగా ఉంటాయి. అదే సమయంలో తూర్పున ట్యాంక్‌బండ్ మీదికి వెళ్తే రాళ్ళకు కొట్టుకుని తుంపర మొహాన పడుతుంది. చెరువూ ఒకటే, గాలీ ఒకటే. రాతికట్టకు తగిలిన అల వెనక్కి మళ్ళి వచ్చే అలతో ఢీకొంటుంది, అక్కడ చిన్న పడవ నిలవదు. కాబట్టి గాలి తోసే ఒడ్డు రాతికట్ట అయితే అటు పోవద్దు, దాని కొసన ఉండే మట్టి వాలు వైపు ఏటవాలుగా పోవాలి.

సరస్సు అలను సముద్రపు అలతో పోల్చి తక్కువ చేయకండి. చిన్నవే, కానీ దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తాయి. ఒకటి దాటి కుదురుకునేలోగా ఇంకోటి. వాటికి పడవ పక్క చూపించకూడదు, ముక్కును కాస్త వాలుగా పెట్టి దాటాలి. నీటి మీద అక్కడక్కడా తెల్ల నురగలు మొదలయ్యాయంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్యకు వచ్చినట్టు. కొత్తవాళ్ళు ఒడ్డుకు తిరగాల్సిన సమయం అదే. ఎటు చూసినా నురగలే అంటే 20 దాటిందని లెక్క. అప్పుడు కయాక్ అద్దెకిచ్చేవాడు ఇస్తానన్నా తీసుకోకండి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళండి, వచ్చేటప్పుడు గాలే తెస్తుంది. మీరు దీనికి సరిగ్గా తిరగేసి చేశారు.

ఆషాఢం గాలి పొద్దున లేచి రోజంతా వీస్తుంది కాబట్టి కనీసం చెప్పి వస్తుంది. వేసవిలో వచ్చే ఈదురుగాలి చెప్పి రాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఉక్కపోసి, ఒక పక్క మబ్బు నల్లగా గుమిగూడి, ఉన్నట్టుండి చల్లటి గాలి తగిలిందంటే వాన కంటే ముందు దుమ్ముతో గాలి విరుచుకుపడబోతోందని అర్థం. ఆ చల్లదనానికి హాయి అనుకుంటూ కూర్చున్నవాళ్ళను చాలామందిని ఒడ్డుకు లాక్కొచ్చాను. పిడుగుల సంగతి 'దామిని' యాప్‌లో చూసుకోవచ్చు. ఉరుము వినబడగానే నీళ్ళలోంచి బయటికి రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్ళీ దిగకూడదు.

చిక్కుకున్నది మీరే అయితే? పడవ తేలుతున్నంతసేపూ దాన్ని వదలకండి. బోర్లా పడ్డా సరే, పట్టుకుని ఉండండి. నీళ్ళలో తల కనబడదు, పడవ కనబడుతుంది. "ఒడ్డు ఇదే కదా" అని ఈదినవాళ్ళే దారిలో అలిసిపోతారు, నీటి మీద దూరం ఎప్పుడూ దగ్గరగానే కనిపిస్తుంది. మోటారు ఆగిపోతే లంగరు ముక్కు నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే అల నేరుగా లోపలికి వస్తుంది. లంగరు లేకపోతే బకెట్‌కు తాడు కట్టి ముక్కు నుంచి వదలండి. అది నీటిని పట్టుకుని పడవను గాలికి ఎదురుగా నిలబెడుతుంది, కొట్టుకుపోయే వేగం కూడా తగ్గుతుంది.

సాయం అడగడానికి ఒక చేయి ఊపకండి. ఒడ్డున ఉన్నవాళ్ళు టాటా అనుకుని తిరిగి ఊపుతారు. నవ్వొచ్చే మాటే గానీ నా కళ్ళతో చూశాను. రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకి, కిందికి ఆడించాలి. లేదా విజిల్ మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదాలి. లైఫ్ జాకెట్‌కు విజిల్ లేకపోతే మీరే ఒకటి దారంతో కట్టుకోండి. మీ నలుగురిలో ఒకరు మొదటి నిమిషంలోనే 112కి ఫోన్ చేయాల్సింది. "మేం చూసుకుంటాం లే" అనుకోవడం వల్ల ఆలస్యమైంది. ఫోన్ చేసినప్పుడు చెరువు పేరు ఒక్కటే చాలదు. ఏ ఊరి వైపు ఒడ్డు, దగ్గర్లో గుడో కట్టో ఏముంది, ఎంతమంది, గాలి ఎటు తోస్తోంది అన్నీ చెప్పాలి. హుస్సేన్ సాగర్‌కైతే లేక్ పోలీస్ స్టేషనే ఉంది. పల్లె చెరువుకు ముందుగా చేరేది చేపలు పట్టేవాళ్ళే, కాబట్టి దిగే ముందు వాళ్ళలో ఒకరి నంబరు తీసుకోండి.

లైఫ్ జాకెట్ గురించి ఒక్క పరీక్ష చాలు. వేసుకుని పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. గడ్డం, చెవులు లోపలికి దిగిపోయాయంటే అది మీకు పనికిరాదు. పిల్లలకు కాళ్ళ మధ్య నుంచి వెళ్ళే పట్టీ తప్పనిసరి.

ఒడ్డుకు చేర్చాక జరిగే పొరపాట్లు వేరే. శ్వాస లేని మనిషిని బోర్లా వేసి పొట్ట నొక్కడం, కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పడం ఇప్పటికీ చూస్తున్నాను. ఉప్పులో కప్పెడితే బతుకుతారని వాట్సాప్‌లో తిరిగే మాట శుద్ధ అబద్ధం, దాన్ని నమ్మి విలువైన సమయం పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. మునిగిన మనిషికి కావాల్సింది గాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, 108 వచ్చేదాకా ఆపకూడదు. తేరుకుని కూర్చున్నా, దగ్గుతూ ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు.

అమెరికా, కెనడాల్లో చదువుకునే మన పిల్లలు ఇది చదువుతుంటే వాళ్ళకొక ముక్క. అక్కడి సరస్సుల్లో గాలి కంటే ముందు చలి చంపుతుంది. చల్లటి నీళ్ళలో పడగానే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, అప్పుడు తేలుతూ ఉండటమే పని. తర్వాత సుమారు పది నిమిషాలే చేతులు మాట వింటాయి. లైఫ్ జాకెట్ వేసుకుని పడాలే గానీ పడ్డాక వేసుకోలేరు.

చివరగా మీరు అడిగింది, ఆ తెప్ప ఆయన డబ్బులు వద్దన్నాడని, ఏం చేయాలో తోచడం లేదని. డబ్బు మళ్ళీ ఇవ్వబోకండి. ముందు ఆయన వల సంగతి కనుక్కోండి. పెడల్ బోటు కొట్టుకుపోయిన దారి, మీరు చెప్పినదాన్ని బట్టి, సీసాలు తేలుతున్న వరస మీదుగానే ఉంది. తెగి ఉంటే బాగు చేయించే ఖర్చు మీది. రెండోది, ఆయన రోజూ తెల్లవారకముందే ఆ థర్మాకోల్ మీద లైఫ్ జాకెట్ లేకుండా వెళ్తాడు. వల విసరడానికి చేతులు ఆడేలా చంకల దగ్గర వెడల్పుగా కోసి ఉండే రకం, కయాకింగ్ చేసేవాళ్ళు వేసుకునేది, రెండు కొని తీసుకెళ్ళండి. ఒకటి ఆయనకు, ఇంకోటి వెంట వచ్చే కొడుకుకు. కొడుకు కొలత అడిగి కొనండి, పెద్దది కొంటే జారిపోతుంది.